అరికాలి మచ్చ

పుట్టుమచ్చకు మన సమాజంలో విచిత్రమైన ప్రతిష్ఠ ఉంది. చెంపపై ఉంటే అందమంటారు. అరచేతిలో ఉంటే ధనమంటారు. అరికాలిలో ఉంటే దేశాటనం తప్పదంటారు. ఏ మచ్చా రేపటి సంగతి చెప్పజాలదు. అయితే దాని రూపం మారుతున్నపుడు నేటి ఆరోగ్యాన్ని గురించి అది చెప్పే మాట ఒకటుంది. దానిని చదవవలసినవాడు జాతకం చెప్పేవాడు కాదు, వైద్యుడు.

చర్మానికి రంగునిచ్చే కణాలు ఒకచోట గుమిగూడగా ఏర్పడేదే పుట్టుమచ్చ. సాధారణమైనది చిన్నదిగా, గుండ్రంగా, ఒకే రంగులో ఉంటుంది. అంచులు చెదిరి, రెండు మూడు రంగులు కలిసి, 5 మిల్లీమీటర్లకు మించిన దానిని అసాధారణ పుట్టుమచ్చగా వైద్యులు పరిగణిస్తారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వంశపారంపర్యంగా కనిపించే కుటుంబాలలోని ఇటువంటి మచ్చలను 1978లో అమెరికా వైద్యుడు వాలెస్ క్లార్క్, ఆయన సహచరులు వర్ణించారు. అసాధారణ మచ్చ అంటే క్యాన్సర్ అని అర్థం కాదు. వాటిలో అత్యధికం జీవితాంతం నిరపాయంగానే ఉండిపోతాయి. కానీ అవి అనేకం ఉన్నవారికి, అందునా రక్తసంబంధీకులలో మెలనోమా వచ్చినవారికి ముప్పు హెచ్చు.

తెల్లజాతివారితో పోల్చితే మనలో మెలనోమా అరుదు. వచ్చినపుడు మాత్రం అది తరచు ఎండ సోకని తావులనే, అంటే అరికాలిని, అరచేతిని, గోటి అడుగు భాగాన్ని ఆశ్రయిస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవ్రేలి గోటి క్రింద తలెత్తినదానిని మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగానే భావించారు. 1981లో, 36 ఏండ్ల వయసులో, ఆయన ఆ వ్యాధితోనే మరణించాడు.

ఈ ఉదంతం కృష్ణా డెల్టా వాసులకు దూరపు ముచ్చట కాదు. దివిసీమలోనో, గుడివాడ ప్రాంతంలోనో వరి చేల బురదలో దిగేవారికి కాలికి ముల్లు గుచ్చుకోవడం, గోరు నల్లబడడం, ఆనెకాయలు లేవడం నిత్యకృత్యం. నల్లమచ్చ కూడా ఆ కోవలోనిదే అనుకుని నెలలు గడపడం సులభం. దెబ్బవల్ల కమిలిన నలుపు గోటితోపాటు ముందుకు జరిగి పోతుంది. అలా జరగక, ఒకే గోటిపై నల్లని చార వెడల్పవుతున్నా, ఆ నలుపు గోటి మొదట చర్మంలోకి ప్రాకినా ఆలస్యం తగదు. అరికాలి మచ్చ పెరిగినా, రక్తం కారినా, మానని పుండైనా అంతే. పలు గోళ్ళపై ఏండ్ల తరబడి మారకుండా ఉన్న సన్నని చారలు మాత్రం మన చర్మఛాయ గలవారిలో సహజమే.

రోజుకు ఐదుసార్లు వుజూ చేసేవారు పాదాలను, వ్రేళ్ళ సందులను కడుగుతూనే ఉంటారు. వారానికొకసారి ఆ చూపును అరికాలిపై, గోళ్ళపై కొంచెంసేపు నిలిపితే చాలు. వృద్ధులకు వంగడం కష్టం. ఆ పని పిల్లలు చేయాలి. వీపును భార్యాభర్తలు పరస్పరం చూసుకోవచ్చు. సంకోచించే స్త్రీలు మహిళా వైద్యురాలిని కోరవచ్చు.

మచ్చకు సున్నం పెట్టి కాల్చడం ప్రమాదకరం. బ్యూటీ పార్లర్‌లో తీయించుకోవడం కూడా అటువంటిదే, ఎందుకంటే తీసిన ముక్క ప్రయోగశాలకు చేరదు. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోను, మంగళగిరి ఎయిమ్స్‌లోను చర్మవ్యాధుల విభాగాలున్నాయి. అనుమానం కలిగితే వైద్యులు ముక్కను తీసి బయాప్సీకి పంపుతారు. మెలనోమా అని తేలితే అది చర్మంలోకి ఎంత లోతు దిగినదో మిల్లీమీటర్లలో కొలుస్తారు. 1 మిల్లీమీటరు లోపుననే పట్టుబడితే అత్యధికులకు శస్త్రచికిత్సతోనే నయమవుతుంది. నివేదిక చేతికందినపుడు ఆ కొలత ఎంతో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి.