బ్యాటరీ నిండదు, పచ్చదీపం ఆరదు!

వీధి దీపపు స్తంభం మీదనో, మీ బడి కప్పు మీదనో నీలిరంగు సౌరఫలకాన్ని మీరు చూసే ఉంటారు. దానికి ఒక బ్యాటరీ, ఆ బ్యాటరీకి ఒక దీపం. పగలల్లా ఎండ కాస్తుంది. అయినా కొన్నిచోట్ల రాత్రి దీపం వెలగదు. "బ్యాటరీ పోయింది" అనేస్తారు. నిజంగా పోయిందా? ఎవరైనా కొలిచి చూశారా? మా బడిలో జరిగిన ఒక సంగతి చెబుతాను, వినండి.

ఒకనాడు ఊరూరా తిరిగే విజ్ఞాన ప్రదర్శన వ్యాను మా బడికి వచ్చింది. దాని కప్పు మీద 100 వాట్ల సౌరఫలకం, లోపల బల్ల కింద 12 వోల్టుల బ్యాటరీ ఉన్నాయి. ఇంజను బ్యాటరీ వేరు, ఇది వేరు. సాయంత్రం గ్రహాల గురించి సినిమా చూపించాలి. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు కూడా వస్తామన్నారు. లైను మరమ్మతు వల్ల ఆ రోజు ఊళ్ళో కరెంటు లేదు. వ్యాను బ్యాటరీయే దిక్కు.

డ్రైవరు గారు దిగీ దిగగానే, "మాస్టారూ, ఇవాళ ఆట అనుమానమే. మూడు రోజులుగా బ్యాటరీ పావుగంటకే దిగిపోతోంది. ఆరునెలల కిందట ఇదే జబ్బు వస్తే పాతది తీసేసి కొత్తది వేయించాం. ఇదీ పోయినట్టే ఉంది" అన్నారు.

ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి విరేచనాలైతే మనుషుల్ని కాదు, తాగే నీళ్ళను అనుమానించాలి కదా! ఇదీ అలాగే అనిపించింది. పదో తరగతి పిల్లలు కొందరిని, మా ప్రయోగశాల మల్టీమీటరును వెంటబెట్టుకుని వ్యాను ఎక్కాను.

కరెంటు నడిచే దారి

ముందుగా దారిని కాగితం మీద గీశాం. సౌరఫలకం నుంచి ఛార్జి కంట్రోలరుకు, అక్కడి నుంచి ఫ్యూజు మీదుగా బ్యాటరీకి. బ్యాటరీ నుంచి దీపాలకు, ప్రొజెక్టరుకు వేరే తీగ.

ఫలకంలో 36 సిలికాన్ ఘటాలు శ్రేణిలో ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు అర వోల్టు ఇస్తుంది. తీగలు విప్పి ఎండలో కొలిస్తే మొత్తం 20 వోల్టులు దాటుతుంది. ఇలాంటి సిలికాన్ ఘటాన్ని 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారుచేశారు. అది తన మీద పడిన సూర్యశక్తిలో 6 శాతాన్ని మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగింది. నేటి మంచి ఫలకాలు 20 శాతం దాటాయి.

బ్యాటరీ అంతకంటే పాతది. సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటె కనిపెట్టాడు. అందులో ఆరు ఘటాలుంటాయి. నిండుగా ఉండి, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక్కొక్కటి 2.1 వోల్టుల చొప్పున మొత్తం 12.6 వోల్టులు చూపుతుంది. 12 కంటే తగ్గిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. ఖాళీ అవుతున్నకొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేటు ఏర్పడుతుంది. మళ్ళీ నింపితే అది కరిగిపోతుంది. చాలా రోజులు నింపకుండా వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి, బ్యాటరీ నిజంగానే పాడవుతుంది.

కంట్రోలరు కాపలాదారు. వోల్టేజి సుమారు 14.4కు చేరగానే "ఇక చాలు" అని ప్రవాహాన్ని తగ్గించి, పచ్చదీపం వెలిగిస్తుంది. అతిగా నింపితే బ్యాటరీలోని నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోతుంది మరి!

అయితే ఆ రోజు మేం చూసిన వింత ఏమిటంటే, బ్యాటరీ ఖాళీ. కంట్రోలరు మీద మాత్రం పచ్చదీపం!

నేనూ పొరబడ్డాను

ఫలకం మీద దుమ్ము పేరుకుని ఉంది. "ఇదే దొంగ" అన్నాను. పిల్లలు తుడిచారు. ఏమీ మారలేదు. ఫలకం తీగలు విప్పి కొలిస్తే 20 వోల్టులు చూపింది. బ్యాటరీ దగ్గర 11.9 వోల్టులు. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చిన తీగను కంట్రోలరు దగ్గర కొలిస్తే అక్కడా అంతే, 11.9. "ఫ్యూజు బాగుంది, తీగలూ బాగున్నాయి. బ్యాటరీయే పోయిందేమో" అని నేనూ అనబోయాను.

అప్పుడు ఒక అమ్మాయి, "మాస్టారూ, కొళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపులో రాయి అడ్డుపడిందో లేదో ఎలా తెలుస్తుంది? నీళ్ళు పారితేనే కదా తెలిసేది!" అంది.

సరిగ్గా ఇక్కడే ఉంది కిటుకు. ఓం నియమం మీరు చదివారు. నిరోధం వల్ల పడిపోయే వోల్టేజి = ప్రవాహం × నిరోధం. ప్రవాహం సున్నా అయితే నిరోధం ఎంత ఉన్నా పడిపోయేది సున్నాయే. తీగలు విప్పి కొలవడమంటే కొళాయి కట్టేసి పైపును పరీక్షించడమే!

పారుతుండగా కొలిస్తే

తీగలన్నీ మళ్ళీ బిగించాం. ఎండలో ఛార్జి అవుతుండగా కొలిచాం. కంట్రోలరు దగ్గర 14.4 వోల్టులు. బ్యాటరీ దగ్గర 12.1 మాత్రమే! నడుమ 2.3 వోల్టులు ఎక్కడికి పోయాయి? మీటరు కడ్డీలను ఒక్కో అతుకుకు అటూ ఇటూ ఆనించి చూస్తూ వెళ్ళాం. ఫ్యూజు పెట్టె దగ్గర దొరికాయి. పారుతున్న ప్రవాహం 1 ఆంపియరు. అంటే ఆ అతుకు నిరోధం 2.3 ఓములు. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. పోయిన శక్తి అక్కడ వేడిగా మారుతోందన్నమాట.

ఫలకాన్ని విడదీసి ఫ్యూజు తీసి చూస్తే ఫ్యూజు నిక్షేపంలా ఉంది. దాన్ని పట్టుకునే రాగి కొక్కేలకు మాత్రం పచ్చగా చిలుము పట్టింది. సాండ్ పేపరుతో రుద్ది, బిగించి మళ్ళీ కొలిచాం. ప్రవాహం 5 ఆంపియర్లు! బ్యాటరీ దగ్గర 12.7, కంట్రోలరు దగ్గర 12.8 వోల్టులు. పచ్చదీపం ఆరిపోయింది.

"మాస్టారూ, కంట్రోలరు దగ్గర వోల్టేజి తగ్గిందేమిటి?" అని పిల్లలు కంగారుపడ్డారు. తగ్గడమే మంచి గుర్తు! కంట్రోలరు తన కాళ్ళ దగ్గరి వోల్టేజిని కొలుచుకుంటుంది గాని బ్యాటరీ దగ్గరికి వెళ్ళి చూడదు. చిలుము అడ్డుపడటంతో తన దగ్గర 14.4 కనిపించగానే బ్యాటరీ నిండిందనుకుని ప్రవాహం తగ్గించేసింది. ఇప్పుడు దానికి నిజం తెలిసింది.

అప్పటికి మధ్యాహ్నం 12 గంటలు. సాయంత్రం 5 దాకా ఎండ వాలేకొద్దీ ప్రవాహం తగ్గుతుంది. సగటున 3 ఆంపియర్లు అనుకుంటే 5 గంటల్లో 15 ఆంపియర్-గంటలు. దాన్ని 12 వోల్టులతో గుణిస్తే 180 వాట్-గంటలు. నష్టాలకు నాలుగోవంతు తీసేస్తే 135. ప్రొజెక్టరు, ఒక దీపం కలిసి 50 వాట్లు. రెండు గంటల ఆటకు 100 చాలు. ఆట జరిగింది! శనిగ్రహపు వలయాలు తెర మీదికి రాగానే పిల్లలు చప్పట్లు కొట్టారు.

డ్రైవరు గారు మాత్రం, "అయితే పాత బ్యాటరీని ఉత్తపుణ్యానికి పారేశామా మాస్టారూ?" అని నొచ్చుకున్నారు. బహుశా అంతే. ఒకవేళ అది పాడై ఉన్నా, నింపకపోవడం వల్ల పాడై ఉంటుంది. చంపింది చిలుము, నింద పడింది బ్యాటరీ మీద.

మీరూ చేసి చూడండి

రెండు టార్చి సెల్లులు, ఒక బల్బు, ఒక పెన్సిలు ముల్లు శ్రేణిలో కలపండి. పెన్సిలు ముల్లే మన చిలుము. బల్బు తీసేసి, ఆ చోట మల్టీమీటరుతో వోల్టేజి కొలవండి. తర్వాత బల్బు పెట్టి కొలవండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి.

పెద్ద బ్యాటరీ జోలికి మాత్రం పెద్దలు లేకుండా వెళ్ళకండి. అందులో ఆమ్లం ఉంటుంది. అది వదిలే హైడ్రోజన్ నిప్పురవ్వకే పేలగలదు. ధ్రువాల మధ్య పానా పడితే చెయ్యి కాలుతుంది.

ఈసారి ఎవరైనా "బ్యాటరీ పోయింది" అంటే, వినయంగా ఒక ప్రశ్న అడగండి: "కరెంటు పారుతుండగా కొలిచారా అండీ?"