లోకుల మెప్పు, మనశ్శాంతి: ఇమామ్ గజాలీ జీవితం నేర్పే పాఠం

జీవితంలో ముఖ్యమైన నిర్ణయం తీసుకునే వేళ మనిషిని రెండు శక్తులు చెరోవైపు లాగుతుంటాయి. ఒకటి, ‘నలుగురూ ఏమనుకుంటారో’ అన్న భయం. రెండవది, ‘ఇందులో నాకు మనశ్శాంతి ఉందా?’ అన్న ప్రశ్న. ఈ ఘర్షణను స్వయంగా అనుభవించి, దానిని దాపరికం లేకుండా గ్రంథస్థం చేసిన మహనీయులు ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మ).

హి.శ. 484 (క్రీ.శ. 1091)లో సెల్జూక్ మంత్రి నిజాముల్ ముల్క్ ఆయనను బాగ్దాద్‌లోని నిజామియా మద్రసాలో ఆచార్యులుగా నియమించాడు. ఆనాటి విద్వాంసులకు అది అత్యున్నత పదవి. మూడు వందల మంది విద్యార్థులు ఆయన పాఠాలు వినేవారు. ఖలీఫా ఆస్థానంలోనూ, సుల్తానుల వద్దనూ ఆయన మాటకు విలువ ఉండేది.

అయితే నాలుగేళ్ళ తర్వాత ఆయన తన సంకల్పాన్ని తానే పరీక్షించుకున్నారు. తన బోధన దైవప్రసన్నత కోసం కాక, పేరుప్రతిష్ఠల కోసం సాగుతున్నదని గ్రహించారు. హి.శ. 488 రజబ్ మాసం నుండి దాదాపు ఆరునెలలు ఆయన మనస్సు ఊగిసలాడింది. చివరికి పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు, అన్నం సహించలేదు. వ్యాధి మూలం హృదయంలో ఉందని, మందులకు లొంగదని వైద్యులు తేల్చారు. హజ్‌కు వెళుతున్నానని చెప్పి, సిరియాకు పోవాలనే ఉద్దేశంతో ఆయన బాగ్దాద్‌ను విడిచారు.

ప్రజలు దీన్ని ఎలా అర్థం చేసుకున్నారన్నది గమనించదగిన విషయం. ఆ పదవినే ధర్మంలో శిఖరంగా భావించిన ఇరాఖ్ పండితులకు, దాన్ని వదలడానికి ధార్మిక కారణం ఉండగలదని తోచలేదు. దూరప్రాంతాల వారు పాలకుల ఆగ్రహమే కారణమని ఊహించారు. పాలకులు ఆయనను ఉండమని బతిమాలడం చూసినవారు ఎవరిదో దిష్టి తగిలిందన్నారు. ఆయన మనస్సులోని అసలు కారణం ఎవరికీ అందలేదు. ఇటువంటి తీర్పుల కోసమేనా మనిషి తన జీవితాన్ని మలచుకోవలసింది?

సహీహ్ ముస్లింలోని ఒక హదీసు భావం ఇక్కడ స్మరణీయం. ప్రళయదినాన మొట్టమొదట తీర్పుకు వచ్చేవారిలో ఒక యోధుడు, ఒక విద్వాంసుడు, ఒక దాత ఉంటారు. ప్రజలు తమను పొగడాలని వారు ఆ పనులు చేశారు. ప్రజలు పొగడనే పొగిడారు. ఇక అల్లాహ్ వద్ద వారికి మిగిలిందేమీ లేదు. ఈ ప్రదర్శనాబుద్ధినే ‘రియా’ అంటారు. ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లోని నలభై భాగాలలో ఒకదాన్ని గజాలీ పదవీవ్యామోహానికి, రియాకు కేటాయించారు.

అలాగని ‘నా ఇష్టం నాది’ అనడం ఇస్లామీయ దృక్పథం కాదు. గజాలీ మనస్సులోని కోరిక నిజానికి పదవినే కోరింది. శాంతి పొందిన ఆత్మ, అంటే ‘నఫ్సె ముత్మయిన్నా’, కోరికను అనుసరించినందువల్ల కాక, దైవం వైపు మరలినందువల్ల లభించేది. ఆయన బాధ్యతలనూ విస్మరించలేదు. పిల్లల పోషణకు సరిపడా ఉంచి, మిగిలిన సంపదను పంచిపెట్టారు.

ఆయన ఏకాంతం పదకొండేళ్ళు సాగింది. తర్వాత తన ఏకాంతాన్ని కూడా ఆయన ప్రశ్నించుకున్నారు. జనం పెట్టే బాధను తప్పించుకోవడానికి, సుఖంగా ఉండడానికి ఇంట కూర్చోవడం సరైన కారణం కాదని నిశ్చయించుకుని, హి.శ. 499 (క్రీ.శ. 1106)లో నైషాపూర్ నిజామియాలో మళ్ళీ బోధన చేపట్టారు. వృత్తి అదే, మారింది సంకల్పం. మునుపు ప్రతిష్ఠను ఆర్జించే విద్యను బోధించారు, ఇప్పుడు ప్రతిష్ఠను త్యజింపజేసే విద్యను బోధిస్తున్నానని ‘అల్ మున్‌ఖిజ్ మినజ్జలాల్’లో స్పష్టం చేశారు.

కాబట్టి ఉద్యోగం వదలడమో, ఊరు విడవడమో ఈ పాఠంలోని సారాంశం కాదు. అప్పు చేసి ఆడంబరంగా పెళ్ళి జరిపే తండ్రి, జోడా డబ్బు తీసుకోకపోతే బంధువులు చులకన చేస్తారని జంకే వరుడు, అభిరుచి లేని చదువును హోదా కోసం కొడుకుపై రుద్దే కుటుంబం — వీరందరూ గజాలీ వేసుకున్న ప్రశ్ననే వేసుకోవాలి: ‘ఈ పని ఎవరి కోసం?’ దానికి నిజాయితీగా జవాబు చెప్పుకోగలిగిన వారికి లోకుల మెప్పు దొరికినా, దొరకకపోయినా మనశ్శాంతికి లోటుండదు.