డిస్కు మొరాయిస్తే ముందు ఏం చెయ్యాలి?



మీ సంఘం పొదుపు లెక్కలు ఎక్కడ రాస్తున్నారు? పుస్తకంలో. మంచిది. ఇప్పుడు చాలామంది కంప్యూటర్‌లో కూడా రాసుకుంటున్నారు. పిల్లల సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు, కిరాణా షాపు ఖాతాలు కూడా అందులోనే దాస్తున్నారు. మన తూంకుంట, శామీర్‌పేట లాంటి ఊళ్లలో కొందరి ఇళ్లల్లో పాత కంప్యూటర్ ఉంటుంది. పట్నంలో ఆఫీసువాళ్లు తీసేస్తే తక్కువ ధరకు కొని తెచ్చుకున్నది.

ఒకరోజు ఆ పాత కంప్యూటర్ మొరాయిస్తుంది. బటన్ నొక్కితే తెర మీద ఏమీ రాదు. లేదా అరగంటకు గానీ తెరుచుకోదు. లోపల టక్, టక్ అని చప్పుడు వస్తుంది. అందులో ఉన్నవన్నీ పోయినట్టేనా? ఎవరికి చూపించాలి? ముందు ఏం చెయ్యాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

హార్డ్ డిస్కు అంటే ఏమిటి?

కంప్యూటర్ డబ్బా లోపల అరచేతిలో పట్టేంత లోహపు పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని హార్డ్ డిస్కు అంటారు. అది కంప్యూటర్‌కు గాదె లాంటిది. గాదెలో వడ్లు దాచినట్టు, మనం రాసిన రాతలు, తీసిన ఫొటోలు అందులో దాగి ఉంటాయి. కరెంటు పోయినా అవి చెరిగిపోవు.

ఆ పెట్టె లోపల అద్దంలా మెరిసే గుండ్రని పళ్లేలు ఉంటాయి. కరెంటు రాగానే అవి తిరుగుతాయి. మామూలు డిస్కులో పళ్లెం నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతుంది. విసుర్రాయిని మనం నిమిషానికి ఎన్నిసార్లు తిప్పగలం? ఆలోచించండి!

పళ్లెం మీద సన్నని చెయ్యి లాంటిది అటూ ఇటూ కదులుతుంది. ఆ చేతి కొసన చిన్న తల ఉంటుంది. అది అయస్కాంత శక్తితో రాస్తుంది, చదువుతుంది. ఆ తల పళ్లేన్ని తాకదు. గాలి మీద తేలుతుంది. తలకూ పళ్లేనికీ మధ్య ఉండే ఎడం మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అందుకే తిరిగే డిస్కు కింద పడినా, గట్టి దెబ్బ తగిలినా తల పళ్లేనికి రాసుకుంటుంది. గీత పడుతుంది. గీత పడిన చోట ఉన్న రాత మళ్లీ రాదు.

మొదటి హార్డ్ డిస్కును 1956లో అమెరికాలో ఐబీఎం కంపెనీ తయారు చేసింది. అందులో 50 పళ్లేలు. ఒక్కో పళ్లెం 24 అంగుళాలు, అంటే రెండడుగుల వెడల్పు. దాని బరువు టన్నుపైనే. అయినా అందులో పట్టింది 50 లక్షల అక్షరాలే. ఇప్పటి సెల్‌ఫోన్ ఫొటోలు రెండు మూడు పెడితే ఆ చోటు నిండిపోతుంది.

పాత కంప్యూటర్ అంటే చులకన వద్దు

పాత కంప్యూటర్ దేనికీ పనికిరాదని అనుకోకండి. 2000 సంవత్సరంలో, అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో, పెద్దవాళ్లకు కంప్యూటర్ సాయంతో తెలుగు చదవడం నేర్పారు. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ కంపెనీ ఆ పని మొదలుపెట్టింది. దానికి ముందు నిలిచినవారు ఎఫ్.సి. కోహ్లీ. ఇతరులు వాడి తీసేసిన పాత కంప్యూటర్లనే ఆ చదువుకు వాడారు. తెర మీద బొమ్మ, మాట కనిపిస్తాయి. పక్కనే గొంతు వినిపిస్తుంది. సుమారు 40 గంటల పాఠాలతో పేపరు చదవగలిగేట్టు చెయ్యాలని వాళ్ల ప్రయత్నం.

చూశారా! పాతదైనా కంప్యూటర్ పనికొస్తుంది. కానీ పాత కంప్యూటర్‌లో ముందుగా అరిగేది డిస్కు లాంటి తిరిగే భాగమే. కాబట్టి దాని జబ్బు మనకు తెలియాలి.

జబ్బు గుర్తులు

డిస్కు చాలాసార్లు ముందే సైగ చేస్తుంది. ఈ గుర్తులు కనిపెట్టండి.

1. కంప్యూటర్ తెరుచుకోవడానికి రోజురోజుకు ఎక్కువసేపు పడుతుంది.
2. ఒక ఫైలు తెరవబోతే తెర బిగుసుకుపోతుంది.
3. నిన్న ఉన్న ఫైలు ఈరోజు కనిపించదు. లేదా పేరు పిచ్చి అక్షరాలుగా మారుతుంది.
4. డిస్కు దొరకలేదని తెర మీద రాత వస్తుంది.
5. లోపల టక్ టక్ అనో, కిర్రుమనో చప్పుడు వస్తుంది.

పొలంలో ఒక మూల చవుడు పట్టిందనుకోండి. అక్కడ పైరు రాదు. డిస్కు పళ్లెంలో కూడా అలా కొన్ని చోట్లు పాడవుతాయి. డిస్కు తయారు చేసేవాళ్లు కొంత ఖాళీ చోటు ముందే విడిచిపెడతారు. ఒకచోట చవుడు పడితే డిస్కు ఆ చోటును వదిలేసి ఖాళీ చోటును వాడుకుంటుంది. చవుడు పెరిగి ఖాళీ చోటు అయిపోతే ఇక దారి లేదు.

ముందు సులువైనవి చూడండి

ప్రతి జబ్బూ డిస్కుదే కాదు. లోపలి నుంచి చప్పుడు రాకపోతే ముందు వీటిని చూడాలి.

కంప్యూటర్ ఆపండి. గోడ దగ్గర ప్లగ్గు పీకండి. డబ్బా పక్క రేకు విప్పండి. లోపల తాకే ముందు డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. మన ఒంట్లోని కొద్దిపాటి కరెంటు దాంట్లోకి పోతుంది. లేకపోతే అది లోపలి సామానును చెడగొట్టగలదు. కరెంటు సప్లై పెట్టెను మాత్రం విప్పవద్దు. ప్లగ్గు పీకినా దానిలో షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

డిస్కుకు రెండు తీగలు ఉంటాయి. ఒకటి కరెంటుది. ఇంకొకటి సమాచారం పోయేది. దుమ్ముతోనో, ఎలుక కొరికితోనో, కదిలించినప్పుడో ఇవి వదులవుతాయి. రెండూ తీసి, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, గట్టిగా పెట్టండి. తీగ తెగి ఉంటే మార్చండి. తీగ ఖర్చు కొద్దిదే.

కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ తేదీ తప్పు చూపిస్తోందా? అయితే లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. పాత కంప్యూటర్లలో ఈ బ్యాటరీ పోతే డిస్కును గుర్తుపట్టకపోవచ్చు. బ్యాటరీ మార్చి చూడండి.

ముందు నకలు, తర్వాత బాగు

డిస్కు మళ్లీ తెరుచుకుందా? అక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. "అమ్మయ్య, బాగైంది" అని పాత పనిలో పడతారు. అట్లా చెయ్యకండి. జ్వరం తగ్గినట్టు కనిపించినా జబ్బు లోపలే ఉండవచ్చు.

ముందుగా నకలు తీయండి. అన్నీ ఒకేసారి కాదు. పోతే మళ్లీ దొరకనివి ముందు తీయండి. సంఘం లెక్కలు, సర్టిఫికెట్లు, ఇంట్లో పోయినవారి ఫొటోలు ముందు. సినిమాలు, పాటలు తర్వాత. మధ్యలో ఒక ఫైలు దగ్గర ఆగిపోతే దాన్ని వదిలి తర్వాతిదానికి పోండి.

నకలు ఎక్కడ పెట్టాలి? పెన్ డ్రైవులోనో, వేరే డిస్కులోనో పెట్టాలి. కొందరు సి డ్రైవులోది డి డ్రైవులో పెట్టి నిశ్చింతగా ఉంటారు. చాలా కంప్యూటర్లలో సి, డి రెండూ ఒకే డిస్కులో ఉంటాయి. ఒకే ఇంట్లో రెండు గదులు లాంటివి. ఇల్లు కూలితే రెండు గదులూ కూలుతాయి.

ఇంకో మంచి పద్ధతి ఉంది. పాత డిస్కును తీసి, బాగున్న కంప్యూటర్‌కు యూఎస్‌బీ తీగతో తగిలించవచ్చు. అప్పుడు పాత డిస్కు మీద బరువు తగ్గుతుంది. "ఫార్మాట్ చెయ్యాలా?" అని తెర అడిగితే వద్దు అని నొక్కండి. ఫార్మాట్ అంటే పలక తుడిచినట్టే.

నకలు అయ్యాకనే పరీక్ష. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము డిస్కు ఆరోగ్యం చెబుతుంది. నీలం రంగు వస్తే మంచిది. పసుపు వస్తే జాగ్రత్త. ఎరుపు వస్తే డిస్కు మార్చాలి. నీలం వచ్చినా టక్ టక్ వినిపిస్తే చెవినే నమ్మండి. విండోస్‌లో చెక్ డిస్క్ అనే పరీక్ష కూడా ఉంది. అది ఫైళ్ల జాబితాను సరిచేస్తుంది. చెడిన చోట్లకు గుర్తు పెడుతుంది. అరిగిన పళ్లేన్ని మాత్రం కొత్తది చెయ్యలేదు.

టక్ టక్ అంటే ఆపండి

లోపల టక్ టక్ వినిపిస్తే వెంటనే ఆపండి. మళ్లీ మళ్లీ బటన్ నొక్కవద్దు. నొక్కిన ప్రతిసారీ తల పళ్లేన్ని గీరవచ్చు. మిగిలింది కూడా పోతుంది.

డిస్కును చేత్తో కొట్టవద్దు. నూనె వెయ్యవద్దు. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని కొందరు చెబుతారు. పెట్టవద్దు. చెమ్మ పట్టి ఇంకా చెడుతుంది. మూత విప్పవద్దు. మన కంటికి కనిపించని దుమ్ము కూడా దానికి బండరాయే. దుమ్ము లేని ప్రత్యేక గదిలోనే దాన్ని విప్పాలి.

అలాంటి పని చేసేవాళ్లు పట్నంలో ఉన్నారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ సామానుకు పేరు పొందిన చోటు. అక్కడ అడిగితే దారి చూపుతారు. కానీ ఈ పనికి వేల రూపాయలు అవుతాయి. అన్నీ తిరిగి వస్తాయన్న హామీ కూడా లేదు. ఎంత అవుతుందో, ఏమీ రాకపోతే ఎంత ఇవ్వాలో ముందే కాగితం మీద రాయించుకోండి. చదివి, అర్థమైన తర్వాతే సంతకం చెయ్యండి.

భూమి పట్టా పోతుందా?

షాపులో కంప్యూటర్ చెడితే పెద్దవాళ్లకు ఒక భయం పట్టుకుంటుంది.

"తమ్మీ, నీ కంప్యూటర్ కరాబైంది గదా. నా భూమి పట్టా గిట్ల పోతదా?"

"పోదు పెద్దమ్మా. నీ భూమి లెక్క ఈ డబ్బాలో లేదు."

ఆ మాట నిజమే. ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబరు 29న శామీర్‌పేటకు దగ్గరలోని మూడుచింతలపల్లిలోనే ప్రారంభించారు. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ఆ వివరాలు ప్రభుత్వ సర్వర్లలో ఉంటాయి. షాపులోని కంప్యూటర్ ఒక కిటికీ మాత్రమే. కిటికీ పగిలినా ఇల్లు ఉంటుంది. అయినా మీ పాసుపుస్తకం ఇంట్లో భద్రంగా ఉంచండి.

మరి పోయేవి ఏవి? మనం సొంతంగా రాసుకున్నవి. సంఘం లెక్క, ఉద్దెర ఖాతా, ఫొటోలు. వీటికి మరో నకలు లేకపోతే ఏ ప్రభుత్వమూ తిరిగి ఇవ్వలేదు. లెక్క పోతే సంఘంలో తగాదా. ఎవరు ఎంత కట్టారో ఎవరు చెప్పాలి?

ముందు జాగ్రత్త

సంఘం సమావేశం రోజునే నకలు తీయండి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి పెన్ డ్రైవులో. పెన్ డ్రైవును వేరే ఇంట్లో ఉంచండి. పద్దు పుస్తకం రాయడం మానవద్దు.

కరెంటు ఊరికే పోతూ వస్తూ ఉంటే యూపీఎస్ పెట్టుకోండి. డిస్కు తిరుగుతుండగా డబ్బాను జరపవద్దు. కొత్త కంప్యూటర్లలో పళ్లేలు లేని ఎస్.ఎస్.డి. వస్తోంది. అది చప్పుడు లేకుండానే చెడిపోవచ్చు. దానికీ నకలు కావాలి.

చెడిన డిస్కును పాత సామానువాడికి ఊరికే ఇవ్వకండి. అందులో మీ ఆధార్, బ్యాంకు కాగితాలు ఉండవచ్చు. చెరిపేసినా తెలిసినవాళ్లు తిరిగి తీయగలరు. లోపలి పళ్లేలు పనికిరాకుండా చేయించి ఇవ్వండి. కాల్చవద్దు, పొగ విషం.

గుర్తుంచుకోండి

డిస్కును కొనవచ్చు. అందులోని రాతను కొనలేము. ముందు నకలు. తర్వాత బాగు.

ఆలోచించండి, చెప్పండి

1. మీ సంఘం లెక్కలకు ఇప్పుడు ఎన్ని నకళ్లు ఉన్నాయి? ఎక్కడెక్కడ ఉన్నాయి?
2. టక్ టక్ చప్పుడు వస్తే కంప్యూటర్‌ను ఎందుకు వెంటనే ఆపాలి?
3. సి డ్రైవులోది డి డ్రైవులో పెడితే ఎందుకు చాలదు?
4. ఈ వారం ముందుగా దేనికి నకలు తీస్తారు? పేరు రాయండి.