మూకీ తెరపై మృగరూపం

మానవుడు మృగంగా మారడమనే కల్పన అనేక జాతుల కథలలో కనిపిస్తుంది. హనుమకొండ ప్రాంతపు విద్యార్థులకు ఇది కొత్త కాదు. పూర్వపు వరంగల్ జిల్లాలోని బమ్మెర గ్రామస్థుడుగా ప్రసిద్ధుడైన పోతన, తన భాగవతంలో గజేంద్రుని పూర్వజన్మ వృత్తాంతాన్ని వర్ణించాడు. ఇంద్రద్యుమ్నుడనే రాజు మౌనవ్రతంలో ఉండి, తన వద్దకు వచ్చిన అగస్త్యుని గౌరవించలేదు. ముని శాపంచేత ఏనుగై జన్మించాడు. ఆ ఏనుగును పట్టిన మొసలి కూడా శాపగ్రస్తుడైన గంధర్వుడే. 1920ల తొలినాళ్లలో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో ఈ కథను 'గజేంద్ర మోక్షం' అనే మూకీ చిత్రంగా నిర్మించారు.

మన కథలో ఈ రూపాంతరం భక్తికి దారితీసింది. పాశ్చాత్య మూకీలలో అదే భయానకమైంది. 1913లో అమెరికాలో వచ్చిన 'ది వేర్‌వుల్ఫ్' చిత్రంలో ఒక స్త్రీ తోడేలుగా మారుతుంది. 1920 నాటి 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్'లో సజ్జనుడైన వైద్యుడు తాను తయారుచేసిన ఔషధాన్ని సేవించి క్రూరుడవుతాడు. మన కథలో మార్పునకు కారణం ముని శాపం. ఇక్కడ మానవుని అంతరంగంలో దాగిన పశుత్వమే.

మాటలు లేని తెరపై ఈ మార్పును ఎట్లా చూపారు? ఫ్రాన్సు దేశపు జార్జ్ మెలియెస్ వీధిని చిత్రీకరిస్తుండగా కెమెరా క్షణకాలం ఆగిందట. తిరిగి నడిచాక చూస్తే, తెరపై బస్సు శవవాహనంగా మారినట్లు కనిపించిందని ఆయన చెప్పుకొన్నాడు. కెమెరాను ఆపి మనిషి స్థానంలో మరొకదానిని నిలపడం, ఒక దృశ్యం కరిగి మరొక దృశ్యంలో లీనమయ్యేట్లు చేయడం అనే ఉపాయాలు ఆనాటి దర్శకులకు ఆధారమయ్యాయి. జెకిల్ పాత్రధారి జాన్ బారీమోర్ మాత్రం తొలి మార్పును ప్రధానంగా తన ముఖకండరాల వికారంతోనే అభినయించి ప్రేక్షకులను భయపెట్టాడు.

బారీమోర్ అభినయాన్ని నేటికీ చూడవచ్చు. కాని 'ది వేర్‌వుల్ఫ్', 'గజేంద్ర మోక్షం' చిత్రాల ప్రతులు నేడు లభించవు. ఆనాటి నైట్రేట్ ఫిలిం సులభంగా మండేది. సరిగా భద్రపరచకపోతే పొడిగా రాలిపోయేది. పోతన భాగవతంలోనూ కొన్ని భాగాలు శిథిలం కాగా వెలిగందల నారయ, ఏర్చూరి సింగన, గంగన వాటిని పూరించారు. నశించిన చిత్రాన్ని అట్లా పూరించగలవారెవరూ లేరు. కావ్యాన్ని కాపాడుకొన్నట్లే చలనచిత్రాన్నీ కాపాడుకోవడం మన కర్తవ్యం.