కొత్త ఇల్లు కడుతున్నారా? పర్మిషన్ వస్తే సరిపోదు.. వీధికి నప్పాలంటే ప్లాన్ దశలోనే ఈ 6 విషయాలు చూసుకోండి

హైదరాబాద్ పాత కాలనీల్లో ఇప్పుడు ఏ వీధిలోకి వెళ్లినా ఒకటే సీన్. వరుసగా నాలుగు పాత ఇళ్లు. ముందు వరండా, గేటు పక్కన వేప చెట్టో మామిడి చెట్టో, నల్లరాతి ప్రహరీ గోడ. ఐదో ప్లాట్‌లో మాత్రం పచ్చ నెట్ కట్టిన కొత్త బిల్డింగ్. స్టిల్ట్, పైన మూడు అంతస్తులు, ముందంతా గ్లాస్.

అది పూర్తయ్యేసరికి పక్కింటి వంటగదిలో పగలు కూడా లైట్ వేసుకోవాల్సి వస్తుంది. వాన పడితే నీళ్లు కొత్త ఇంటి ర్యాంప్ మీదుగా జారి ఎదురింటి గేటులోకి వెళ్తాయి. ముప్పై ఏళ్లుగా పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకున్న వాళ్ల మధ్య మాటలు ఆగిపోతాయి.

చాలా కేసుల్లో కట్టినవాళ్లు రూల్ తప్పలేదు. పర్మిషన్ ఉంది, సెట్‌బ్యాక్ ఉంది. మరి తేడా ఎక్కడ వచ్చింది? పర్మిషన్ రావడం వేరు, వీధికి నప్పడం వేరు. ఈ రెండో దాన్ని ప్లాన్ గీసేటప్పుడు ఎవరూ అడగరు. అదేంటో, ఎలా చూసుకోవాలో వివరంగా తెలుసుకుందాం.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 ఇప్పటికీ తెలంగాణలో బిల్డింగ్ రూల్స్‌కి ఆధారం. తర్వాత సవరణలు వచ్చాయి. ఏపీకి 2017లో జీవో 119తో వేరే రూల్స్ వచ్చాయి.

జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాట్, అంటే సుమారు 120 నుంచి 240 గజాల స్థలం ఉందనుకోండి. చిన్న రోడ్డు మీద ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా 1 మీటర్ వదలాలి. ఎత్తు 10 మీటర్ల వరకు వెళ్లొచ్చు. అంటే రెండు ఇళ్ల మధ్య మిగిలే గ్యాప్ 2 మీటర్లు, ఆరున్నర అడుగులు. 1980ల్లో కట్టిన ఒంటి అంతస్తు ఇళ్లకు ఈ గ్యాప్ బాగానే సరిపోయింది. పక్కన 10 మీటర్ల గోడ లేచినప్పుడు అదే గ్యాప్ బావిలా మారిపోతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. పెద్ద ప్లాట్లలో పార్కింగ్ కోసం వేసే స్టిల్ట్‌ని ఈ ఎత్తులో లెక్కపెట్టరు. కాగితం మీద 10 మీటర్లు ఉన్న ఇల్లు స్టిల్ట్, పిట్టగోడ, లిఫ్ట్ రూమ్ కలిపితే వీధిలోంచి చూసేవాళ్లకు ఇంకా చాలా ఎత్తుగా కనిపిస్తుంది.

ఇక అనుమతి విషయం. తెలంగాణలో 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు ప్లాట్, 10 మీటర్ల లోపు ఎత్తు ఉంటే సెల్ఫ్ సర్టిఫికేషన్‌తోనే ఆన్‌లైన్‌లో అనుమతి ఇస్తున్నారు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, అది మంచిదే. కానీ ఈ ప్రాసెస్‌లో పక్కింటివాళ్లను అడిగే స్టెప్ ఏదీ లేదు. ఆ పని ఇల్లు కట్టేవాళ్లే చేసుకోవాలి.

వీధికి నప్పడం అంటే పాత డిజైన్‌ని కాపీ కొట్టడమా?

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. పక్కిల్లు పెంకుటిల్లు అయితే మీరూ పెంకులు వేయాలని ఎవరూ అనరు. కుటుంబం పెరిగింది, కారు వచ్చింది, పెద్దవాళ్లకు కింద బెడ్‌రూమ్ కావాలి. ఇల్లు మారాల్సిందే.

ఏ పాత వీధినైనా గమనించండి. రంగులు వేరు, గ్రిల్స్ వేరు, కిటికీలు వేరు. అయినా వీధంతా ఒక్కటిగా కనిపిస్తుంది. ఎందుకంటే ఇళ్లన్నీ రోడ్డుకు దాదాపు ఒకే దూరంలో మొదలవుతాయి, నేల మట్టం ఒకేలా ఉంటుంది, వీధి వైపు ఒక తలుపు, ఒక వరండా ఉంటాయి. ఈ మూడూ కుదిరితే ఎలివేషన్ ఎంత మోడ్రన్‌గా ఉన్నా ఇల్లు వీధిలో కలిసిపోతుంది. గోదావరి జిల్లాల్లో వీధి అరుగులు చేసిన పని కూడా ఇదే. ఇంటికీ వీధికీ మధ్య కూర్చోవడానికి, పలకరించుకోవడానికి కాస్త చోటు ఉంచాయి.

ప్లాన్ దశలోనే చూసుకోవాల్సిన 6 విషయాలు

1. బేస్‌మెంట్ ఎత్తు, ర్యాంప్

గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే మళ్లీ మళ్లీ రోడ్డు వేయడంతో చాలా కాలనీల్లో పాత ఇళ్లు రోడ్డు కంటే కిందికి వెళ్లిపోయాయి. ఇది చూసి కొత్తగా కట్టేవాళ్లు 'రేపు మన ఇల్లు కూడా మునుగుతుందేమో' అని మూడు నాలుగు అడుగులు బేస్‌మెంట్ లేపుతున్నారు. కారు ఎక్కాలి కాబట్టి ర్యాంప్‌ని రోడ్డు మీదకు తెస్తున్నారు. ఆ ర్యాంప్ నీళ్లకు అడ్డుకట్ట అవుతుంది. నష్టపోయేది పక్కనున్న పాత ఇల్లు.

ర్యాంప్ మొత్తం మీ గేటు లోపలే రావాలి. అందుకు ఎంత పొడవు కావాలో ముందే లెక్క వేయించుకుని, బేస్‌మెంట్ ఎత్తు దాన్ని బట్టి పెట్టుకోండి. ఇక కాలనీలో కొత్త రోడ్డు పడుతుంటే, పాత పొరను గీకి తీశాకే కొత్తది వేయమని అందరూ కలిసి అడగండి. రోడ్డు మట్టం పెరగకపోతే బేస్‌మెంట్‌ల పోటీ కూడా ఉండదు.

2. వాన నీళ్లు

100 చదరపు మీటర్ల శ్లాబ్ మీద 5 సెంటీమీటర్ల వాన పడితే వచ్చే నీళ్లు 5,000 లీటర్లు. అంటే ఒక వాటర్ ట్యాంకర్. పాత ఇంట్లో కొంత నీరు పెరటి మట్టిలోకి ఇంకేది. కొత్త ఇంట్లో ఒక్క అడుగు కూడా మట్టి వదలకుండా టైల్స్ వేస్తే ఆ ట్యాంకర్ మొత్తం వీధిలోకే. మేడ మీది పైపులను సొంత ఇంకుడు గుంతలోకి కలపండి. పార్కింగ్‌లో కొంత భాగం షాబాద్ బండల మధ్య సందులు వదిలి పరిచినా నీరు ఇంకుతుంది.

3. నీడ ఎక్కడ పడుతోంది?

దీన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. డిసెంబర్ మూడో వారంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉండడు. దక్షిణానికి వాలి, నేల నుంచి సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ టైమ్‌లో 10 మీటర్ల ఇంటి నీడ ఉత్తరం వైపు నేల మీద సుమారు 28 అడుగులు పడుతుంది.

మీ ఉత్తరం వైపు 2 మీటర్ల గ్యాప్‌లో మూడున్నర మీటర్ల ఎత్తున్న ఒంటి అంతస్తు ఇల్లు ఉందనుకుందాం. వాళ్ల మేడ మీద సుమారు 12 అడుగుల మేర ఎండ ఉండదు. బట్టలు, వడియాలు, అప్పడాల సంగతి అటుంచితే ఇప్పుడు సోలార్ కూడా ఉంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రూ.78,000 వరకు సబ్సిడీ వస్తుండటంతో చాలామంది ప్యానెల్స్ పెట్టిస్తున్నారు. వాటి మీద నీడ పడితే కరెంటు తగ్గిపోతుంది.

దీనికి పరిష్కారం సింపుల్. పై అంతస్తును ఆ వైపు 8 అడుగులు లోపలికి జరిపితే 12 అడుగుల నీడ 4 అడుగుల లోపుకు దిగుతుంది. జరిపిన చోటు వృథా కాదు, మీకే ఓపెన్ టెర్రస్ అవుతుంది. వీధిలోంచి చూసినా ఇల్లు మీద పడుతున్నట్టు ఉండదు.

4. కిటికీకి ఎదురుగా కిటికీ వద్దు

ఆరున్నర అడుగుల దూరంలో రెండు బెడ్‌రూమ్ కిటికీలు ఎదురెదురుగా ఉంటే రెండు ఇళ్లవాళ్లూ జీవితాంతం కర్టెన్ వేసుకునే బతకాలి. ఫైనల్ డ్రాయింగ్‌కి ముందే పక్కింటి కిటికీలు ఎక్కడున్నాయో కొలిచి ప్లాన్‌లో గుర్తు పెట్టించండి. మీ కిటికీని మూడు నాలుగు అడుగులు పక్కకు జరపండి. లేదా కంటి ఎత్తుకు పైన వెంటిలేటర్ పెట్టండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్, ఎగ్జాస్ట్ ఫ్యాన్, బాత్రూమ్ పైపులు కూడా పక్కింటి కిటికీ ముందుకు రాకుండా చూడండి.

5. వీధి వైపు ముఖం

పూర్తిగా స్టిల్ట్ వేసి ముందంతా షట్టర్లు పెడితే రోడ్డు మీద నడిచేవాళ్లకు ఇల్లు కనిపించదు, గోడ కనిపిస్తుంది. కారుకు ఒక వైపు చోటిచ్చి, ఇంకో వైపు వరండా, చిన్న గది వచ్చేలా చూసుకుంటే పెద్దవాళ్లు సాయంత్రం బయట కూర్చుంటారు. వీధిలో ఎవరొస్తున్నారో ఎవరు వెళ్తున్నారో చూసే కళ్లు ఉంటాయి. ఇది సీసీ కెమెరా కంటే పాత సెక్యూరిటీ.

పడమర ముఖం ఇంటికి ముందంతా గ్లాస్ పెడితే సాయంత్రం ఎండ ఎదురింటి మీదకు కొడుతుంది, లోపల మీ ఏసీ బిల్లూ పెరుగుతుంది. లోతైన సన్‌షేడ్, జాలీ, తాండూరు రాయి లాంటివి మన ఎండకు నప్పుతాయి. ఇక చెట్టు విషయానికొస్తే, వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా కొట్టకూడదు. చెట్టును ప్లాన్‌లో మొదటి రోజే గుర్తు పెట్టిస్తే చాలాసార్లు గేటును జరిపి కాపాడుకోవచ్చు.

6. తవ్వే ముందు ఫొటోలు

పాత ఇంటి పునాది తక్కువ లోతులో ఉంటుంది. దాని పక్కనే మీరు లోతుగా తవ్వి వదిలేస్తే, వాన పడ్డప్పుడు ఆ ఇంటి కింది మట్టి జారుతుంది, గోడలు పగుళ్లిస్తాయి. ఒకేసారి పొడవునా తవ్వకుండా ముక్కలు ముక్కలుగా తవ్వి, కాంక్రీట్ వేసుకుంటూ వెళ్లమని ఇంజినీర్‌కి చెప్పండి. పని మొదలుపెట్టే ముందు పక్కింటి గోడలను వాళ్ల ముందే ఫొటోలు తీసి ఇద్దరూ ఉంచుకోండి. ఏ పగులు పాతది, ఏది కొత్తది అనే గొడవ అక్కడితో పోతుంది.

రీమోడలింగ్ చేస్తే లాభమేంటి?

పూర్తిగా కూల్చడం ఒక్కటే దారి కాదు. వరండా, ముందు గదులు అలాగే ఉంచి వెనక భాగంలో కొత్త గదులు, పైన లోపలికి జరిపిన ఒక అంతస్తు వేసుకోవచ్చు. వీధి వైపు పాత ముఖమే ఉంటుంది. అయితే ఒక్క జాగ్రత్త. చాలా పాత ఇళ్లకు పిల్లర్లు ఉండవు, గోడలే బరువు మోస్తాయి. స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడకుండా మేస్త్రీ మాట మీద పైఅంతస్తు వేయొద్దు. గోడలు తీసి హాల్ పెద్దది చేయడం కూడా అంతే ప్రమాదం.

మిగతా చోట్ల ఏం చేశారు?

చండీగఢ్‌లో ఒక్కో ఇంటిని అంతస్తులుగా విడగొట్టి అపార్ట్‌మెంట్లుగా మార్చడంపై వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నగరం మొదటి దశలోని సెక్టార్లలో అలా మార్చడం కుదరదని 2023 జనవరిలో కోర్టు తేల్చింది.

మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలోని ఆస్టిన్‌లో 2006లోనే దీనికి రూల్ తెచ్చారు. నగరం నడిబొడ్డున ఉన్న పాత కాలనీల్లో కొత్త ఇల్లు స్థలం విస్తీర్ణంలో 40 శాతం, లేదా 2,300 చదరపు అడుగులు, ఏది ఎక్కువైతే అంతవరకే కట్టాలన్నారు. ఎత్తు పెరిగేకొద్దీ పక్కింటి వైపు నుంచి లోపలికి జరగాలి. తర్వాత ఇళ్ల కొరత, ధరల గురించి చర్చ పెరిగి, 2023 డిసెంబర్‌లో ఒకే స్థలంలో మూడు ఇళ్ల వరకు అనుమతించారు. అంటే రూల్ మరీ బిగిస్తే ఇళ్లు దొరకవు, మరీ వదిలేస్తే పక్కవాళ్లకు వెలుతురు దొరకదు. రెండింటి మధ్య ఎక్కడ ఆగాలనేదే అసలు ప్రశ్న.

కోర్టుకు వెళ్తే?

20 ఏళ్లపాటు అడ్డు లేకుండా వచ్చిన గాలి, వెలుతురు మీద హక్కు అడిగే వీలు మన చట్టంలో ఉంది. కానీ 'కాస్త వెలుతురు తగ్గింది' అంటే కుదరదు. చెప్పుకోదగ్గ నష్టం జరిగిందని నిరూపించాలి. ఇదంతా తేలేసరికి గృహప్రవేశం అయిపోయి చాలా కాలం గడిచిపోతుంది. గెలిచినా రోజూ ముఖాముఖాలు చూసుకోవాల్సింది ఆ ఇద్దరే.

ఖర్చు లేని పని ఒకటుంది

డ్రాయింగ్ ఇంకా పెన్సిల్ దశలో ఉండగానే అటూ ఇటూ, వెనక ఉన్న మూడు ఇళ్లకు వెళ్లండి. "అంకుల్, ఇల్లు కట్టుకుంటున్నాం. ప్లాన్ ఇది, ఒకసారి చూస్తారా?" అని అడగండి. వాళ్ల కిటికీ ఎక్కడుంది, వానకు నీళ్లు ఎటు పోతాయి, పాత డ్రైనేజీ లైన్ ఎక్కడుంది అనేవి ఆర్కిటెక్ట్ కంటే వాళ్లకే బాగా తెలుసు. పెన్సిల్ గీతను జరపడానికి రెండు నిమిషాలు చాలు. శ్లాబ్ పడ్డాక జరపడం ఎవరి వల్లా కాదు.