వెంట తీసుకెళ్ళే టేబుల్

‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ ప్రాజెక్టు మన స్కూళ్ళలో చదివేవాళ్ళకి కొత్త కాదు. ఈ పథకంలో తెలంగాణకి హర్యానా జత, ఆంధ్రప్రదేశ్‌కి పంజాబ్ జత. ప్రాజెక్టు అనగానే పోలిక టేబుల్ ఒకటి ఉండాల్సిందే. ఎడమ వైపు అంశం, మధ్యలో ఒక రాష్ట్రం, కుడి వైపు ఇంకో రాష్ట్రం. ఏర్పడిన తేదీ: హర్యానా 1 నవంబరు 1966, తెలంగాణ 2 జూన్ 2014. తర్వాత భాష, నృత్యం, పంటలు, వంటలు.

విషయం సేకరించడానికి పట్టే సమయం సరే. అసలు ఓపిక తినేసేది టేబుల్ అలంకరణ. పై వరుసకి ముదురు నీలం, అందులో తెల్ల అక్షరాలు, కింద ఒక వరుస విడిచి ఒక వరుసకి లేత రంగు, మొదటి నిలువు వరుస బోల్డ్, చుట్టూ సన్నని గీత. పండగల టేబుల్‌కి మళ్ళీ ఇదంతా. పంటల టేబుల్‌కి మళ్ళీ. ఈలోగా నాన్నగారికో అమ్మకో బదిలీ అయి హైదరాబాద్ నుంచి విజయవాడ చేరామనుకోండి, జత రాష్ట్రం పంజాబ్ అవుతుంది, కంప్యూటర్ కూడా మారుతుంది, మళ్ళీ మొదటికే వస్తాం. (అన్నట్టు, ఆంధ్రప్రదేశ్ 1956లో ఏర్పడిందీ, పంజాబ్ 1966లో ఇప్పటి రూపానికి వచ్చిందీ నవంబరు 1నే. ఆ గడులు నింపేటప్పుడు ఏ ఏడాది ఎవరిదో చూసుకోండి.)

చాలామంది పాత టేబుల్‌ని కాపీ చేసి, అందులోని మాటలు చెరిపి కొత్తవి రాస్తారు. పని జరుగుతుంది. కానీ చెరపడం మరిచిన గడి ఒకటి ఎక్కడో మిగిలిపోతుంది, పంజాబ్ ప్రాజెక్టులో హర్యానా పంట దొరుకుతుంది. పైగా ఆరు టేబుళ్ళు చేశాక టీచర్ ‘ఈ నీలం ప్రింట్‌లో నల్లగా వస్తోంది, మార్చు’ అంటే ఆరింటినీ విడివిడిగా మార్చాలి.

ఎం.ఎస్. వర్డ్‌లో దీనికి వేరే దారి ఉంది. టేబుల్ రూపాన్ని మాటల నుంచి విడదీసి, దానికి ఒక పేరు పెట్టి దాచుకోవచ్చు. దాన్ని టేబుల్ స్టైల్ అంటారు. అప్పుడు స్టైల్‌లో ఒకచోట రంగు మారిస్తే ఆ స్టైల్ వేసుకున్న ఆరు టేబుళ్ళూ ఒకేసారి మారతాయి.

ఇలా చేయండి. ఏదైనా టేబుల్‌లో కర్సర్ పెడితే పైన ‘టేబుల్ డిజైన్’ అనే ట్యాబ్ వస్తుంది. అందులో రంగురంగుల చిన్న టేబుళ్ళ వరుస పక్కన బాణం గుర్తు నొక్కి, అడుగున ఉన్న ‘న్యూ టేబుల్ స్టైల్’ ఎంచుకోండి. ఒక పెట్టె తెరుచుకుంటుంది. ముందు పేరు. ‘స్టైల్1’ లాంటి పేరు పెట్టకండి, కారణం తర్వాత చెప్తాను. మీ పేరులో రెండక్షరాలు కలిపి ‘సిరి నీలం టేబుల్’ అన్నట్టు పెట్టండి. తర్వాత ‘అప్లై ఫార్మాటింగ్ టు’ అనే చోట ‘హోల్ టేబుల్’ ఉంటుంది. మొత్తానికి వర్తించే ఫాంటు, గీతలు అక్కడ పెట్టి, ఆ తర్వాతే ‘హెడర్ రో’కి వెళ్ళి నీలం, ‘ఫస్ట్ కాలమ్’కి వెళ్ళి బోల్డ్, బ్యాండెడ్ వరుసలకి వెళ్ళి లేత రంగు ఇవ్వండి. మొత్తానికి ఇచ్చిన దాని మీద భాగానికి ఇచ్చిందే చెల్లుతుంది కాబట్టి ఈ వరస సుఖం.

ఆ పెట్టె అడుగున రెండు చిన్న గుండ్రని బటన్లు ఉంటాయి. ఎవరూ వాటివైపు చూడరు. మనలాంటి వాళ్ళు చూడాల్సింది వాటినే.

మొదటిది ‘ఓన్లీ ఇన్ దిస్ డాక్యుమెంట్’. స్టైల్ ఈ ఫైల్లోనే ఉంటుంది, రేపు కొత్త ఫైలు తెరిస్తే కనిపించదు. రెండోది ‘న్యూ డాక్యుమెంట్స్ బేస్డ్ ఆన్ దిస్ టెంప్లేట్’. దీన్ని ఎంచుకుంటే ఆ ఫైలుకి మూలమైన టెంప్లేట్‌లోకి కూడా స్టైల్ వెళ్తుంది. మామూలుగా ఖాళీ డాక్యుమెంట్‌కి మూలం ‘నార్మల్’ అనే టెంప్లేట్. అది ఆ కంప్యూటర్‌లోనే ఉండే ఒక ఫైలు. కాబట్టి ఇకపై అక్కడ తెరిచే ప్రతి ఖాళీ డాక్యుమెంట్‌లోనూ మీ స్టైల్ సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో ఒకే కంప్యూటర్ వాడేవాళ్ళకి ఇది బాగుంటుంది. స్కూల్ ల్యాబ్‌లో ఇవాళ ఒక సిస్టమ్, రేపు ఇంకొకటి దొరికేవాళ్ళకి అంత ఉపయోగం లేదు. బదిలీ మీద వెళ్ళేవాళ్ళకైతే అసలు లేదు, నార్మల్ టెంప్లేట్ ఆ కంప్యూటర్‌తో పాటు అక్కడే ఉండిపోతుంది.

మనతో వచ్చేది మన డాక్యుమెంట్. స్టైల్ అందులో ఎలాగూ ఉంటుంది. అందుకే ‘నా టేబుళ్ళు’ అని ఒక చిన్న ఫైలు చేసుకోండి. అందులో మీ స్టైల్ వేసిన చిన్న టేబుల్ ఒకటి పెట్టి, పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి, మీ మెయిల్‌కి ఒక ప్రతి పంపుకోండి. కొత్త ఊళ్ళో ఆ ఫైలు తెరిచి, టేబుల్‌ని కాపీ చేసి కొత్త ప్రాజెక్టు ఫైల్లో పేస్ట్ చేస్తే స్టైల్ కూడా వెంట వస్తుంది. టేబుల్ డిజైన్‌లో ‘కస్టమ్’ అనే శీర్షిక కింద దాని పేరు కనిపిస్తుంది. ఆ తర్వాత తెచ్చిన టేబుల్‌ని తీసేసినా స్టైల్ ఉండిపోతుంది. ఒక్క చిక్కు ఉంది. అవతలి ఫైల్లో అదే పేరుతో ఇంకో స్టైల్ ముందే ఉంటే, మామూలుగా అక్కడిదే గెలుస్తుంది, మీ టేబుల్ దాని రంగులోకి మారిపోతుంది. ‘స్టైల్1’ వద్దన్నది ఇందుకే.

ఇంకా శుభ్రంగా కావాలంటే, ఆ ఫైలుని ‘సేవ్ యాజ్’లో వర్డ్ టెంప్లేట్ రకంగా భద్రపరచండి. దాని మీద డబుల్ క్లిక్ చేసినప్పుడల్లా కొత్త డాక్యుమెంట్ తెరుచుకుంటుంది, అసలుది చెక్కు చెదరదు.

స్టైల్ వేసినా రంగు మారడం లేదంటే కంగారు పడకండి. మీరు అంతకు ముందు ఆ గడులకి చేత్తో వేసిన రంగు పైన కూర్చుని ఉంటుంది. స్టైల్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ‘అప్లై అండ్ క్లియర్ ఫార్మాటింగ్’ నొక్కితే పాతది తొలగిపోతుంది.

స్టైల్ మొయ్యనివి కొన్ని ఉన్నాయి. నిలువు వరుసల వెడల్పు, కలిపేసిన గడులు, శీర్షికల మాటలు అందులో చేరవు. అవి కూడా కావాలంటే టేబుల్ మొత్తాన్ని ఎంచుకుని ఇన్సర్ట్, టేబుల్, క్విక్ టేబుల్స్‌లో దాచుకోవచ్చు. అయితే అదీ ఆ కంప్యూటర్‌లోనే ఉండే ఏర్పాటు. నన్నడిగితే పైన చెప్పిన ‘నా టేబుళ్ళు’ ఫైల్లోనే మూడు కాలమ్‌లది ఒకటి, నాలుగు కాలమ్‌లది ఒకటి ఖాళీ టేబుళ్ళు ఉంచుకోవడం మేలు.

తొమ్మిది, పది తరగతుల్లో ఐ.టి. తీసుకున్నవాళ్ళు లిబ్రేఆఫీస్ రైటర్ వాడతారు. అక్కడ టేబుల్‌ని చేత్తో అలంకరించి, టేబుల్ మెనూలో ‘ఆటోఫార్మాట్ స్టైల్స్’ తెరిచి ‘యాడ్’ నొక్కి పేరు ఇవ్వాలి. ఆ పేరు ఆ కంప్యూటర్‌లో మీ యూజర్ ఫోల్డర్‌లో చేరుతుంది. వర్డ్‌లో చేసిన ఫైలుని రైటర్‌లో తెరిస్తే టేబుల్ చూడ్డానికి అలాగే ఉండవచ్చు గానీ, వర్డ్ స్టైల్ ఈ జాబితాలోకి రాదు. అంచేత ఇక్కడ కూడా ఖాళీ టేబుల్ ఉన్న టెంప్లేట్‌ని వెంట ఉంచుకోవడమే నమ్మకమైన పద్ధతి. ల్యాబ్‌లో రోజూ అదే సిస్టమ్ దొరికేవాళ్ళు మాత్రం ఆటోటెక్స్ట్ ప్రయత్నించండి. టేబుల్‌ని ఎంచుకుని, కంట్రోల్‌తో కలిపి ఎఫ్3 నొక్కి, దానికి ఒక పొట్టి పేరు పెట్టి చేర్చాలి. తర్వాత ఆ పొట్టి పేరు టైపు చేసి ఎఫ్3 నొక్కితే టేబుల్ వచ్చేస్తుంది.

తెలుగు సంగతి విడిగా చెప్పాలి. వర్డ్ మన లిపిని ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’గా లెక్కిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలకి ఒక ఫాంటు, సైజు, మనవాటికి వేరే ఫాంటు, సైజు ఉంటాయి. స్టైల్ పెట్టెలో ‘ఫార్మాట్’ నొక్కి ‘ఫాంట్’ తెరిస్తే ఈ రెండో గడి కనిపిస్తుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే ‘Haryana’ని ఇంగ్లీషులో రాసినప్పుడు ఒక సైజులో, తెలుగులో రాసినప్పుడు ఇంకో సైజులో వచ్చి వరుసలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఇక నెట్‌లో దించుకున్న అందమైన తెలుగు ఫాంటు కొత్త కంప్యూటర్‌లో లేకపోతే, దాని బదులు వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. వరుసల ఎత్తు మారి, ఒక పేజీ టేబుల్ రెండో పేజీకి జారిపోతుంది. విండోస్ 8 నుంచి వస్తున్న ‘నిర్మల యూఐ’లో తెలుగు, దేవనాగరి, గురుముఖి మూడూ ఉన్నాయి. పంజాబ్ టేబుల్‌లో ఊరి పేర్లు గురుముఖిలో కూడా రాయాలనుకునేవాళ్ళకి ఇది చక్కగా సరిపోతుంది. తప్పదు, ఆ అందమైన ఫాంటే కావాలి అంటే వర్డ్ ఆప్షన్స్‌లో ‘సేవ్’ కింద ‘ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్’ టిక్ చేయండి. ఫైలు కాస్త బరువెక్కుతుంది.

సామాను కట్టే హడావిడిలో ల్యాబ్ సిస్టమ్‌లోని ఫైళ్ళు ఎవరికీ గుర్తుండవు. టీసీకి దరఖాస్తు పెట్టిన రోజే ‘నా టేబుళ్ళు’ ఫైలుని మెయిల్‌కి పంపేసుకోండి. కొత్త స్కూల్లో చేరిన వారంలో, ప్రాజెక్టు ఇచ్చేదాకా ఆగకుండా, ఒకసారి దాన్ని తెరిచి టేబుల్‌ని ఖాళీ డాక్యుమెంట్‌లో పేస్ట్ చేసి చూడండి. ‘కస్టమ్’ కింద మీరు పెట్టిన పేరు కనిపిస్తే చాలు.