కానర్ బెడార్డ్: 17 ఏళ్ల కుర్రాడిపై ఒక జట్టు భవిష్యత్తు.. ఐస్ హాకీలో ‘నంబర్ వన్’ ఆటగాడిని ఎలా తూకం వేస్తారు?

జూనియర్ హాకీలో 57 మ్యాచ్‌లు.. 143 పాయింట్లు. ఈ ఒక్క లెక్క చాలు, 2023లో ఉత్తర అమెరికా ఐస్ హాకీ ప్రపంచం మొత్తం ఒకే ఒక్క కుర్రాడి గురించి ఎందుకు మాట్లాడుకుందో చెప్పడానికి. ఆ ఏడాది జూన్ 28న నాష్‌విల్‌లో జరిగిన ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో చికాగో బ్లాక్‌హాక్స్ జట్టు అతడిని మొట్టమొదటి ఆటగాడిగా ఎంచుకుంది. పేరు కానర్ బెడార్డ్. ఊరు కెనడాలోని నార్త్ వాంకూవర్. అప్పటికి అతడికి ఇంకా 18 ఏళ్లు కూడా నిండలేదు.

అయితే 17 ఏళ్ల కుర్రాడు 25 ఏళ్లకు ఎలా ఆడతాడో ముందే ఎలా తెలుస్తుంది? స్కౌట్లు అసలు ఏం చూస్తారు? ఎక్కడ పొరబడతారు? బెడార్డ్ మొదటి రెండు సీజన్లు ఏం చెబుతున్నాయి? ఓసారి వివరంగా చూద్దాం.

ఐపీఎల్ వేలంలా ఉండదు

ముందుగా డ్రాఫ్ట్ సంగతి. ఐపీఎల్‌లో అయితే ఎవరి దగ్గర డబ్బుంటే వాళ్లు పాడుకుంటారు. 13 ఏళ్ల వైభవ్ సూర్యవంశీని రాజస్థాన్ రాయల్స్ 1.10 కోట్లకు దక్కించుకుంది అలాగే. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆ పద్ధతి లేదు. మొత్తం 32 జట్లు. చికాగో, డాలస్, టొరంటో.. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఈ నగరాలన్నింటికీ ఒక్కో జట్టుంది. ప్రతి ఏటా డ్రాఫ్ట్‌లో జట్లు వరుసగా ఒక్కో కుర్రాడిని ఎంచుకుంటాయి. గత సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్లకే ముందు ఛాన్స్. పాడుకోవడం ఉండదు.

మరి కావాలనే ఓడిపోతే? ఆ అనుమానం ఎప్పటినుంచో ఉంది. అందుకే మొదటి స్థానం ఎవరిదో లాటరీ తీసి తేలుస్తారు. 2023లో అందరికంటే కింద ఉన్నది అనహైమ్. కింద నుంచి మూడో స్థానంలో ఉన్న చికాగోకు మొదటి పిక్ దక్కే అవకాశం 11.5 శాతమే. అయినా అదృష్టం చికాగోనే వరించింది.

ఇక్కడ పందెం చిన్నది కాదు. 2010, 2013, 2015లో స్టాన్లీ కప్ గెలిచిన జట్టు అది. 2022 జూలైలో 41 గోల్స్ కొట్టిన అలెక్స్ డెబ్రింకాట్‌ను ఇచ్చేసింది. 2023 ఫిబ్రవరిలో పాట్రిక్ కేన్‌ను కూడా వదులుకుంది. అంటే ఉన్న ఇల్లు పడగొట్టి, కొత్త ఇంటికి పునాదిగా ఒక టీనేజర్‌ను పెట్టుకున్నట్టే.

మొదటి తూకం: పాయింట్లు, వయసు, లీగ్

ఐస్ హాకీలో గోల్ కొడితే ఒక పాయింట్. గోల్‌కు దారితీసిన పాస్ ఇచ్చినా ఒక పాయింట్. ఒక్కో గోల్‌కు గరిష్ఠంగా ఇద్దరికి ఈ అసిస్ట్ పాయింట్లు వస్తాయి. కాబట్టి స్కౌట్లు మొత్తం పాయింట్లు చూసి ఊరుకోరు. గోల్స్ ఎన్ని, చివరి పాస్ అతడిదేనా, ప్రత్యర్థి ఆటగాడు పెనాల్టీలో బయట కూర్చున్నప్పుడు వచ్చినవి ఎన్ని.. ఇలా విడదీసి చూస్తారు.

బెడార్డ్ 143 పాయింట్లలో 71 గోల్స్, 72 అసిస్ట్‌లు. అంతకుముందు ఏడాది, 16 ఏళ్ల వయసులోనే 51 గోల్స్ కొట్టాడు. 20 ఏళ్ల వరకు కుర్రాళ్లు ఆడే వెస్టర్న్ హాకీ లీగ్‌లో ఇది మామూలు విషయం కాదు. అసలు 15 ఏళ్లకే పూర్తి స్థాయిలో ఆడేందుకు ఆ లీగ్ ‘ప్రత్యేక ప్రతిభ’ హోదా ఇచ్చిన మొదటి ఆటగాడు అతడే. 2023 వరల్డ్ జూనియర్స్‌లో 7 మ్యాచ్‌ల్లో 23 పాయింట్లు సాధించాడు. ఒకే టోర్నీలో కెనడా ఆటగాడికి అది రికార్డు. కెనడాకు స్వర్ణం, అతడికి టోర్నీ ఉత్తమ ఆటగాడి అవార్డు.

తర్వాత వయసు. డ్రాఫ్ట్‌కు కటాఫ్ సెప్టెంబర్ 15. ఆ తేదీకి 18 ఏళ్లు నిండితే ఆ ఏడాది అర్హత, లేదంటే మరో ఏడాది ఆగాలి. ఆస్టన్ మాథ్యూస్ పుట్టింది 1997 సెప్టెంబర్ 17న. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ మిస్సయ్యాడు, 2016లో మొదటి పిక్ అయ్యాడు. అంటే ఒకే డ్రాఫ్ట్‌లో దాదాపు ఏడాది తేడా ఉన్న కుర్రాళ్లుంటారు. ఆ వయసులో ఏడాది అంటే చాలా ఎక్కువ. బెడార్డ్ పుట్టింది 2005 జూలై 17న. 2023లో రెండో పిక్ అయిన లియో కార్ల్‌సన్, మూడో పిక్ ఆడమ్ ఫాంటిల్లీ ఇద్దరూ 2004 చివర్లో పుట్టినవాళ్లు. తక్కువ వయసులో ఎక్కువ పాయింట్లు.. ఇది బెడార్డ్‌కు పెద్ద ప్లస్.

ఇక లీగ్. కార్ల్‌సన్ స్వీడన్‌లో 44 మ్యాచ్‌ల్లో 25 పాయింట్లే సాధించాడు. వినడానికి తక్కువే. కానీ అతడు ఆడింది కుర్రాళ్లతో కాదు, జీతం తీసుకునే పెద్దవాళ్లతో. అందుకే విశ్లేషకులు ఒక్కో లీగ్‌కు ఒక్కో విలువ కట్టి, అక్కడి పాయింట్లు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎన్నింటికి సమానమో లెక్కేస్తారు.

ఒకే అంకె.. నాలుగు తలరాతలు

అయితే లెక్కలతోనే అంతా తేలిపోతే స్కౌట్లతో పనేముంది? కింది నలుగురినీ చూడండి. అందరూ వాళ్ల డ్రాఫ్ట్‌లో నంబర్ వన్. అందరూ కెనడా జూనియర్ లీగ్‌ల నుంచి వచ్చినవాళ్లే.

• అలెగ్జాండర్ డేగ్ (1993): జూనియర్‌లో చివరి సీజన్ 53 మ్యాచ్‌ల్లో 137 పాయింట్లు. ఎన్‌హెచ్‌ఎల్ తొలి సీజన్‌లో 84 మ్యాచ్‌ల్లో 51.
• సిడ్నీ క్రాస్బీ (2005): 62 మ్యాచ్‌ల్లో 168. ఎన్‌హెచ్‌ఎల్‌లో 81 మ్యాచ్‌ల్లో 102.
• కానర్ మెక్‌డేవిడ్ (2015): 47 మ్యాచ్‌ల్లో 120. ఎన్‌హెచ్‌ఎల్‌లో గాయం వల్ల 45 మ్యాచ్‌లే ఆడి 48.
• కానర్ బెడార్డ్ (2023): 57 మ్యాచ్‌ల్లో 143. ఎన్‌హెచ్‌ఎల్‌లో 68 మ్యాచ్‌ల్లో 61.

మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లో చూస్తే జూనియర్‌లో నలుగురూ 2.5 నుంచి 2.7 మధ్యే ఉన్నారు. కాలం, లీగ్ వేరైనా అంకెలో తేడా చాలా తక్కువ. ఎన్‌హెచ్‌ఎల్‌కు వచ్చేసరికి మాత్రం డేగ్ 0.6, బెడార్డ్ 0.9, మెక్‌డేవిడ్ దాదాపు 1.1, క్రాస్బీ 1.26. అంటే జూనియర్ పాయింట్లు ‘ఈ కుర్రాడిలో విషయం ఉంది’ అని చెబుతాయి. ‘ఎంత ఉంది’ అనేది చెప్పలేవు.

డేగ్ కథ ఎన్‌హెచ్‌ఎల్ నిబంధనలనే మార్చేసింది. అతడి కోసం ఒట్టావా కావాలనే ఓడిందన్న ఆరోపణలు వచ్చాయి. 1995లో లాటరీ పద్ధతి రావడానికి కారణం అదే. ఒక్క ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ కూడా ఆడకముందే 5 ఏళ్లకు 1.22 కోట్ల డాలర్లకు పైగా కాంట్రాక్ట్ దక్కించుకున్నాడు. తర్వాత కొత్త ఆటగాళ్ల జీతాలకు పరిమితి పెట్టారు. అదే డ్రాఫ్ట్‌లో డేగ్ తర్వాత రెండో స్థానంలో వెళ్లిన క్రిస్ ప్రాంగర్ మాత్రం లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు, స్టాన్లీ కప్ రెండూ అందుకుని హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు.

రెండో తూకం: కంటికి కనిపించేది

అందుకే స్కౌట్లు రింక్‌ల చుట్టూ తిరుగుతారు. ఒక కుర్రాడిని ఒక సీజన్‌లో పలుమార్లు చూస్తారు. సొంతూరిలో, బయట, బలమైన జట్టుపై, బలహీన జట్టుపై.

వాళ్లు చూసేవి ప్రధానంగా ఇవి. మొదటిది స్కేటింగ్. ఎంత స్పీడు అన్నదొక్కటే కాదు, ఆగి మళ్లీ ఎంత త్వరగా అందుకుంటున్నాడన్నది ముఖ్యం. రెండోది ఆట తెలివి. పక్ తన దగ్గరికి రాకముందే తల తిప్పి ఎవరు ఎక్కడున్నారో చూసుకుంటున్నాడా? మూడోది, పక్ పోగొట్టుకున్నాక వెనక్కి పరిగెత్తుతున్నాడా, లేక చేతులు దించేస్తున్నాడా? నాలుగోది, ఇక్కడ పనిచేసే ట్రిక్ పై స్థాయిలో పనిచేస్తుందా?

ఈ నాలుగోదే అసలు కిటుకు. జూనియర్‌లో పొడవు, బలం ఎక్కువ ఉన్న కుర్రాడు తోసుకుంటూ పోయి గోల్ కొట్టేస్తాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అందరూ బలవంతులే, అక్కడ ఆ అడ్వాంటేజ్ పోతుంది. బెడార్డ్ విషయంలో స్కౌట్లకు ధైర్యం ఇచ్చింది ఇదే. అతడు 5 అడుగుల 10 అంగుళాలే. బలంతో నెగ్గే రకం కాదు. షాట్ కొట్టే క్షణంలో పక్‌ను తన కాళ్ల వైపు లాగి, కోణం మార్చి వదులుతాడు. గోల్‌కీపర్ ఒక కోణానికి సిద్ధమయ్యేలోపే పక్ ఇంకో కోణం నుంచి వస్తుంది. ఈ నైపుణ్యం పై స్థాయిలో కూడా పనికొస్తుందని అంచనా వేశారు. ఆ అంచనా తప్పలేదు.

మూడో తూకం: ఒళ్లు, మనసు, కాగితాలు

డ్రాఫ్ట్‌కు ముందు బఫెలోలో కంబైన్ జరుగుతుంది. సైకిల్ మీద ఊపిరి ఆగిపోయేంత పరీక్షలు, జంప్‌లు, పుల్-అప్‌లు. విచిత్రం ఏంటంటే.. ఐస్ మీద ఆడించరు! ఆట ఎలాగూ ఏడాదంతా చూశారు కాబట్టి ఇక్కడ శరీరం ఎంత సిద్ధంగా ఉంది, ఇంకా ఎంత పెరిగే వీలుంది అన్నదే చూస్తారు. దాంతోపాటు జట్లు విడివిడిగా ఇంటర్వ్యూలు చేస్తాయి. ఓటమి వస్తే ఎలా తీసుకుంటాడు, తన లోపాలు తనకు తెలుసా అన్నది అక్కడ బయటపడుతుంది.

కాగితాల సంగతి కూడా ఉంది. 2023లో ప్రతిభపరంగా ముందు వరుసలో ఉన్న రష్యా కుర్రాడు మాత్వే మిచ్‌కోవ్ ఏడో స్థానానికి జారిపోయాడు. రష్యాలో అతడి కాంట్రాక్ట్ 2026 వరకు ఉండటం అందుకు ఒక ముఖ్య కారణం. తీరా చూస్తే 2024లోనే ఫిలడెల్ఫియాకు వచ్చేసి, తొలి సీజన్‌లో 63 పాయింట్లు కొట్టాడు.

రెండు సీజన్ల తర్వాత బెడార్డ్ ఎక్కడున్నాడు?

తొలి సీజన్ మధ్యలో, 2024 జనవరి 5న న్యూజెర్సీతో మ్యాచ్‌లో అతడి దవడ విరిగింది. 14 మ్యాచ్‌లు పోయాయి. అయినా 22 గోల్స్, 39 అసిస్ట్‌లతో కొత్త ఆటగాళ్లలో అత్యధిక పాయింట్లు అతడివే. ఉత్తమ కొత్త ఆటగాడికి ఇచ్చే కాల్డర్ ట్రోఫీ గెలిచాడు.

రెండో సీజన్‌లో 82 మ్యాచ్‌లూ ఆడి 67 పాయింట్లు. పైకి చూస్తే పెరిగినట్టే. కానీ మ్యాచ్‌కు సగటు 0.9 నుంచి 0.82కి తగ్గింది. సెంటర్‌గా ఆట మొదలుపెట్టే ఫేస్‌ఆఫ్‌లలో అతడి గెలుపు 40 శాతం లోపే. ప్లస్-మైనస్ తొలి ఏడాది మైనస్ 44, రెండో ఏడాది మైనస్ 36. అంటే అతడు ఐస్ మీద ఉన్నప్పుడు జట్టు కొట్టిన గోల్స్ కంటే తిన్న గోల్స్ అంత ఎక్కువ. అదే సమయంలో మూడో పిక్ ఫాంటిల్లీ కొలంబస్ తరఫున 31 గోల్స్ కొట్టాడు.

మరి బెడార్డ్ ఫెయిలయ్యాడా? అలా అనేయడం తొందరపాటే. రెండు సీజన్లలోనూ చికాగో లీగ్‌లో కింద నుంచి రెండో స్థానం. పక్కన అనుభవమున్న గోల్ స్కోరర్లు తక్కువ. ప్రత్యర్థులు తమ ఉత్తమ డిఫెండర్లను అతడి మీదికే వదులుతారు. 2024 డిసెంబర్‌లో కోచ్ ల్యూక్ రిచర్డ్‌సన్‌ను తప్పించారు. మిగతా సీజన్ తాత్కాలిక కోచ్‌తో నడిచింది. 2025 మేలో జెఫ్ బ్లాషిల్ వచ్చాడు. ఇలాంటి జట్టులో ప్లస్-మైనస్ ఆటగాడి కంటే జట్టు గురించే ఎక్కువ చెబుతుంది. అయితే ఫేస్‌ఆఫ్‌లు, పక్ లేనప్పటి ఆట మాత్రం అతడు సొంతంగా మెరుగుపరుచుకోవాల్సినవే.

జట్టు పొరపాటు కూడా ఉండొచ్చు

స్కౌట్ల అంచనా తప్పిందంటే ప్రతిసారీ తప్పు స్కౌట్లదే కాదు. 2012లో నంబర్ వన్ అయిన నెయిల్ యకుపోవ్ 350 మ్యాచ్‌ల్లో 136 పాయింట్లతో ఎన్‌హెచ్‌ఎల్ నుంచి వెళ్లిపోయాడు. సత్తా లేకనా, ఎడ్మంటన్‌లో తరచూ కోచ్‌లు మారడం వల్లనా అన్నది ఇప్పటికీ చర్చే. 18 ఏళ్ల వాడిని ఎప్పుడు దింపాలి, ఎవరి పక్కన ఆడించాలి, ఎన్ని నిమిషాలు ఇవ్వాలి.. ఇవన్నీ జట్టు చేతిలో ఉండేవి.

జట్టుకు ఇంకో లెక్క కూడా ఉంది. కొత్త ఆటగాడి మొదటి కాంట్రాక్ట్ మూడేళ్లు. బెడార్డ్‌కు బోనస్‌లు కాకుండా ఏడాదికి 9.5 లక్షల డాలర్లు. ఆ సీజన్‌లో ఒక జట్టు మొత్తం జీతాల పరిమితి 8.35 కోట్ల డాలర్లు. స్టార్ ఆటగాడు ఇంత చౌకగా దొరికేది ఆ మూడేళ్లే. ఆ తర్వాత అతడికి ఎంత ఇవ్వాలన్నది తేల్చాల్సింది చికాగోనే. అప్పుడు మళ్లీ అదే ప్రశ్న: ఈ కుర్రాడు ఇంకా ఎంత ఎదుగుతాడు?

ఇకపై ఏం చూడాలి?

బెడార్డ్ సరైన దారిలో ఉన్నాడా లేదా తెలుసుకోవాలంటే మూడు విషయాలు గమనిస్తే చాలు. ఒకటి, మ్యాచ్‌కు సగటు ఒక పాయింట్ దాటుతుందా? రెండు, ఇరు జట్లూ పూర్తి బలంతో ఉన్నప్పుడు గోల్స్ పెరుగుతున్నాయా? మూడు, ఫేస్‌ఆఫ్‌లు గెలుస్తూ సెంటర్‌గానే నిలబడతాడా, లేక వింగ్‌కు మారుస్తారా?

తొందరపడి తీర్పు ఇచ్చేవాళ్లు ఒక పేరు గుర్తుంచుకోవాలి. 1998 డ్రాఫ్ట్‌లో డెట్రాయిట్ 171వ స్థానంలో పావెల్ దాత్సుక్ అనే రష్యన్‌ను తీసుకుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలి మ్యాచ్ ఆడేటప్పటికి అతడికి 23 ఏళ్లు. తర్వాత రెండు స్టాన్లీ కప్‌లు గెలిచాడు, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. దాత్సుక్ ఇంకా మొదలుపెట్టని వయసుకే బెడార్డ్ రెండు పూర్తి సీజన్లు ముగించాడు.